పేరు గొప్ప, ఊరు మునక

పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న సామెతని మీరంతా వినే ఉంటారు. ఆ సామెతలో పేరుకీ ఊరికీ సంబంధమేమీ లేదనీ, ప్రాస కోసం కలిపారనీ నేను చాలాకాలం నమ్మాను. తర్వాత పెన్సిల్వేనియాలో, నది ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊళ్ళో, నేను పేరు పెట్టాను. ఊరు మునిగింది. ఆ ఊరి పేరు ఇక్కడ చెప్పను. దానికి నేను చేసింది చాలు.

ముందుగా ఒక మాట. ఎవరి ప్రాణమూ పోలేదు. ఈ వాక్యం రాయగలుగుతున్నాను కాబట్టే మిగతాది రాసే ధైర్యం వచ్చింది. ఇళ్ళు పోయాయి, కార్లు పోయాయి, పెళ్ళి ఆల్బమ్‌లు పోయాయి, పరువు పోయింది. ఇందులో పరువు ఒక్కటే పూర్తిగా నాది, మిగతావి చాలావరకు పాపం ఊరివాళ్ళవి.

అప్పట్లో నేను ఆ ఊరి యూనివర్సిటీలో డేటాబేస్‌లు చూసుకునేవాణ్ణి. హెచ్‌వన్‌బీ వీసా, నది పక్కన గ్రౌండ్ ఫ్లోర్ అపార్ట్‌మెంట్, భార్య సునీత, కిండర్‌గార్టెన్ చదివే కూతురు. నా పేరు రత్నరాజు. అమెరికా వాళ్ళ నోటికి అది పెద్ద పేరు కాబట్టి మొదటివారమే కత్తిరించి ‘రాట్’ చేశారు. “ఎలుక అని పిలుస్తుంటే పలుకుతారేంటండీ?” అని సునీత మండిపడేది. గ్రీన్‌కార్డ్ వచ్చేదాకా ఏ జంతువు పేరుతో పిలిచినా పలుకుతానని చెప్పాను. అలాంటి మనిషిని, సొంత పేరునే కాపాడుకోలేనివాణ్ణి, పేర్లు పెట్టే కమిటీలో వేశారు. వేసినవాళ్ళది సగం తప్పని ఇప్పటికీ వాదిస్తాను.

సంగతేమిటంటే, ఆ యూనివర్సిటీ ఆటల జట్లకి ఎన్నో ఏళ్ళుగా ఒక పేరుండేది. ఈకలు పెట్టుకుని గొడ్డలెత్తిన ఆదివాసి బొమ్మ, దానికి తగ్గ పేరు. అది అవమానకరమని అందరికీ ఎప్పట్నించో తెలుసు, తీసేయాలని ఆ ఏడాదే తోచింది. వైస్ ప్రెసిడెంట్ బ్రాడ్ నన్ను తన గదికి పిలిచాడు. ఎంత చెడ్డ కబురైనా పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ చెప్పగల మనిషి అతను.

“రాట్, పాత పేరు ఇండియన్లని బాధపెట్టింది. కొత్త పేరు కమిటీలో ఒక ఇండియన్ ఉండాలి.”

“సార్, నేను ఆ ఇండియన్ కాదు. నేను విజయవాడ.”

“తెలుసు రాట్. కానీ ఆ ఇండియన్లు మన దగ్గర ఎవరూ లేరు.”

ఎందుకు లేరో అడగాలని నాకూ తోచలేదు, చెప్పాలని అతనికీ తోచలేదు. నాకు తోచిందల్లా ఒకటే. వైస్ ప్రెసిడెంట్‌తో ఒకే బల్ల దగ్గర కూర్చుంటే రేపు గ్రీన్‌కార్డ్ ఫైల్ చేసేటప్పుడు పనికొస్తుంది. “ఆనర్డ్ సార్” అన్నాను.

సునీతకి చెబితే, “మీరు నోరు మూసుకుని కూర్చుంటే మంచి కమిటీయే” అంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. కూర్చున్నాను గానీ, మూసుకోలేదు.

కమిటీలో బ్రాడ్, ఇద్దరు స్టూడెంట్లు, ఫుట్‌బాల్ కోచ్, నేను, డోరతీ గారు. డోరతీ గారికి ఎనభై దాటాయి. అక్కడే స్విమ్మింగ్ కోచ్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఆ ఊళ్ళో సగం మందికి ఈత నేర్పింది ఆవిడే. నదికి దగ్గరగా, పల్లపు వీధిలో ఒంటరిగా ఉండేవారు.

జంతువుల పేర్లన్నీ మొదటి మీటింగ్‌లోనే అయిపోయాయి. పులులు, తోడేళ్ళు, గద్దలు, ఎలుగుబంట్లు, కోరలున్న ప్రతి జీవినీ ఎవరో ఒకరు ఎప్పుడో తీసేసుకున్నారు. మాకు మిగిలింది ఉడుత. అప్పుడు డోరతీ గారు మెల్లగా అన్నారు: “హెరాన్స్ అని పెడితే? మన నదిలో పొద్దున్నే నిలబడి ఉంటాయి కదా, ఆ పెద్ద నీలం కొంగలు.”

అందరూ ఒక్క క్షణం ఊరుకున్నారు. బాగుందని ఊరుకున్నారని ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నేను మాత్రం అందుకున్నాను.

“మా భాషలో కొంగజపం అని ఒక మాట ఉంది. పైకి భక్తి, లోపల చేప మీద కన్ను. పైగా ఒంటికాలి మీద నిలబడే పక్షిని పెట్టుకుంటే, ఎదుటి జట్టు రెండో కాలు ఎక్కడని అడగదా?”

స్టూడెంట్లు నవ్వారు. నవ్వించిన మగాణ్ణి ఆపడం బ్రహ్మతరం కాదు. నేను లేచి నిలబడ్డాను. ఎవరూ నిలబడమని అనలేదు, గమనించండి.

“మన ఊరికి ఉన్నది నది. నదిలో ఉన్నది కొంగ కాదు, బలం. ఎవరూ ఆపలేనిది, దారిలో ఉన్నదాన్నల్లా ఊడ్చుకుపోయేది. ఫ్రెండ్స్, మన పేరు... ‘ది ఫ్లడ్’!”

బ్రాడ్ చొక్కా చెయ్యి పైకి లాగి చూపించాడు. “చూడు రాట్, రోమాలు నిలబడ్డాయి.”

“మాది కృష్ణా తీరం. వరదంటే మాకు భయం లేదు, గౌరవం” అని కూడా అన్నాను. ఈ మాట అన్నవాడు పుట్టి పెరిగింది విజయవాడలో, మేడ మీద మూడో అంతస్తులో. నీళ్ళ విషయంలో వాడికి స్వయంగా తెలిసిన కష్టం ఒక్కటే, కార్పొరేషన్ కుళాయి రాకపోవడం.

డోరతీ గారు ఒక్కరే నవ్వలేదు. “బాబూ, నా చిన్నప్పుడు మా వీధిలో నీళ్ళు మేడ మెట్ల దాకా వచ్చాయి. ఈ ఊళ్ళో ఆ మాటని సరదాకి అరవరు.”

“అది ఎప్పటి సంగతో కదా మేడమ్. ఇప్పుడు కరకట్ట ఉందిగా!”

“ఉంది” అన్నారావిడ. “నీళ్ళకి ఆ సంగతి ఎవరు చెబుతారు?”

సమాధానం లేనప్పుడు ఓటు పెట్టాలి. పెట్టాం. ఆవిడ తప్ప అందరం చేతులెత్తాం.

అప్పటికి మా ఫుట్‌బాల్ జట్టు ఎలాంటిదంటే, ఎదుటివాళ్ళు మాతో ఆట ఉన్న వారాన్ని సెలవులాగా భావించేవారు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు గెలుపూ లేదు, గోలూ లేదు, జట్టు పేరు జలప్రళయం! అయినా ఊరికి ఆ పేరు తెగ నచ్చింది. నీలం చొక్కాలు, నీలం తువ్వాళ్ళు, ‘ఫ్లడ్‌కి భయపడు’ అని రాసిన దుప్పట్లు. స్టేడియంలో మైక్ పట్టుకున్నతను “ఫ్లడ్ వస్తోంది!” అని అరవాలి, జనమంతా తువ్వాళ్ళు తిప్పుతూ “రానీ! రానీ!” అని అరవాలి. మా అమ్మాయి నిద్ర లేస్తూనే “రానీ! రానీ!” అనేది.

ఇక్కడితో ఆగితే నేను మనిషినే. పేరు పెట్టిన గర్వంలో బ్రాడ్‌కి ఇంకో సలహా ఇచ్చాను. “మనవాళ్ళు స్కోర్ చేసినప్పుడల్లా వరద సైరన్ మోగిస్తే?”

బ్రాడ్ మళ్ళీ చొక్కా చెయ్యి పైకి లాగాడు.

ఆ సౌండ్ నేనే వెతికి, కంట్రోల్ రూమ్‌లో నేనే సెట్ చేశాను. ఊరి ఫైర్ స్టేషన్ నుంచి ఒక పెద్దాయన ఫోన్ చేశాడు. మా సైరన్ కూడా అచ్చం ఇలాగే ఉంటుంది, కాస్త చూసుకోండని. బ్రాడ్ నన్ను పిలిచి సౌండ్ కొంచెం మార్చమన్నాడు. మార్చాను. పెంచాను.

పేరు మహిమో, కోచ్ మహిమో గాని, ఆ సీజన్లో మావాళ్ళు గెలవడం మొదలెట్టారు. శనివారం వచ్చిందంటే గుట్ట మీద స్టేడియంలోంచి సైరన్ మోగేది, కింద పల్లపు వీధుల్లో జనం వరండాల్లోకి వచ్చి చప్పట్లు కొట్టేవారు. ఒక ఊరిని సైరన్‌కి చప్పట్లు కొట్టేలా తయారుచేసిన ఘనత ఈ ప్రపంచంలో నా ఒక్కడికే దక్కుతుందనుకుంటాను.

ఆ శనివారం సంగతి చెబుతాను.

వారమంతా వాన. ఎక్కడో దక్షిణాన తీరం దాటిన తుఫాను, చచ్చీ చావక తోక ఈడ్చుకుంటూ మా కొండల మీదికొచ్చి కూర్చుంది. పొద్దున్నించీ ఫోన్లలో హెచ్చరికలు వస్తూనే ఉన్నాయి, అందరం వేలితో తుడిచేస్తూనే ఉన్నాం. మధ్యాహ్నానికి వాన తెరిపిచ్చింది. ఆట జరుగుతుందన్నారు. నేను ఎప్పట్లాగే కంట్రోల్ రూమ్‌లో, సైరన్ బటన్ నొక్కే కుర్రాడి వెనక, నా కళాఖండం వినడానికి నిలబడ్డాను. మావాళ్ళు రెండుసార్లు స్కోర్ చేశారు. రెండుసార్లు సైరన్. రెండుసార్లు ఊరంతా ఉత్సాహం.

తర్వాత ఎదుటి జట్టు చేతిలో బంతి ఉండగా సైరన్ మోగింది.

“ఏయ్, ఎందుకు నొక్కావ్? మనం స్కోర్ చేయలేదు కదా!”

కుర్రాడు రెండు చేతులూ గాల్లోకెత్తాడు. “నేను నొక్కలేదు రాట్.”

సైరన్ మోగుతూనే ఉంది. నేను వెళ్ళి ప్లగ్ పీకేశాను. అయినా మోగుతోంది. అప్పుడు తెలిసింది. ఆ మోత స్పీకర్లలోంచి రావడం లేదు. కింద ఊళ్ళోంచి వస్తోంది.

అప్పుడే సునీత ఫోన్. “ఏవండీ, ఇవాళ మనవాళ్ళు ఇరగదీస్తున్నారే! మూడోసారా?”

“సునీతా, పాపని తీసుకుని పై అంతస్తుకి ఎక్కు.”

“ఏంటీ?”

“చెప్పులు కూడా వేసుకోవద్దు. ఎక్కు!”

అదే గదిలో మైక్ దగ్గరున్న అతనికి ఈలోగా ఫైర్ స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఎగువన కరకట్ట మీదుగా నీళ్ళు దూకుతున్నాయట. మైక్ పట్టుకుని చాలా గంభీరంగా, చాలా స్పష్టంగా చెప్పాడు: “దయచేసి వినండి. ఫ్లడ్ వస్తోంది.”

స్టేడియం మొత్తం లేచి నిలబడింది. తువ్వాళ్ళు తిరిగాయి. “రానీ! రానీ!”

“కాదు! నిజంగా! ఫ్లడ్ వస్తోంది!”

“రానీ! రానీ! రానీ!”

నవ్వొస్తోందా? రాయడానికి కూర్చున్నప్పుడు నాకూ వచ్చింది. ఆ రోజు మాత్రం రాలేదు. ఆ జనంలో సగం మంది ఇళ్ళు పల్లంలోనే. ఇళ్ళ దగ్గర ముసలివాళ్ళున్నారు, పిల్లలున్నారు. వాళ్ళని హెచ్చరించడానికి ఇంగ్లీషులో ఉన్నది ఒక్క మాట. దాన్ని నేను తీసుకెళ్ళి తువ్వాలు మీద అచ్చేయించాను.

మైక్ లాక్కున్నాను. ఏమనాలో తెలియలేదు. నోరు తెరిస్తే వచ్చింది తెలుగు.

“నీళ్ళొచ్చేత్తన్నాయ్ రోయ్! ఎక్కండ్రోయ్! పిల్లల్నెత్తుకోండ్రోయ్!”

అది నా మాట కాదు, నా యాస కూడా కాదు. మా నాయనమ్మది. ఆవిడ సముద్రం పక్క పల్లెలో ఉప్పెన చూసిన మనిషి. తర్వాత మా దగ్గర విజయవాడలో, మూడో అంతస్తులో ఉంటూ కూడా, పడుకున్నప్పుడు ఉండుండి ఆ కేక పెట్టేది. ఆ కేకకి ఉలిక్కిపడి లేచి, విసుక్కుని మళ్ళీ పడుకున్న మనవణ్ణి నేను. కమిటీలో నిలబడి వరదంటే మాకు గౌరవమని చెప్పినప్పుడు ఆవిడ నాకు గుర్తే రాలేదు.

స్టేడియంలో ఒక్క మనిషికి కూడా ఆ మాటలు అర్థం కాలేదు. గొంతు అర్థమైంది. తువ్వాళ్ళు ఒక్కొక్కటిగా కిందికి దిగాయి. కింద నుంచి సైరన్ ఇప్పుడు అందరికీ వినబడింది. ఎవరో ఆడమనిషి “ఓ గాడ్, అమ్మ ఇంట్లో ఉంది” అంది. అంతే, జనం కదిలారు.

కోచ్ ఆటగాళ్ళని ఆ బట్టలతోనే, హెల్మెట్లతోనే బస్సుల్లో ఎక్కించి పల్లపు వీధులకి తోలాడు. వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి తలుపులు బాదారు. ఒక ఇంట్లో పెద్దాయన తలుపు తీసి, గుమ్మంలో ఆరడుగుల కుర్రాడు, ఛాతీ మీద పెద్ద అక్షరాలతో ఫ్లడ్ అని రాసుకుని, “సార్, ఫ్లడ్ సార్!” అని రొప్పుతుంటే, “కనబడుతోంది బాబూ, స్కోరెంత?” అని అడిగాడట. ఆయన్ని భుజాన వేసుకుని వచ్చారు.

సునీతా పాపా మా పైఅంతస్తు వాళ్ళింట్లో ఉన్నారు. నేను వెళ్ళేసరికి మా గుమ్మంలో నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. మా సోఫా మెల్లగా గుండ్రంగా తిరుగుతోంది. మెట్ల మీద కూర్చున్న పాప నన్ను చూసి అడిగింది, దాని అమెరికన్ తెలుగులో: “నాన్నా, ఫ్లడ్ అంటే మనమే కదా? మరి మనం మన ఇంట్లోకి ఎందుకు వచ్చాం?”



ఊరిజనాన్నంతా గుట్ట మీద యూనివర్సిటీ జిమ్‌లో పెట్టారు. వరసగా మడతమంచాలు. పైన, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా, నేను స్వయంగా ఫాంట్ ఎంచిన బ్యానర్: ‘తప్పించుకునే దారి లేదు. మేమే ఫ్లడ్.’ అందరూ తడిసి వణుకుతున్నారు. రెడ్‌క్రాస్ వాళ్ళు ఇంకా రాలేదు. దగ్గర్లో పొడిబట్టలు ఉన్నది ఒక్క చోటే, యూనివర్సిటీ షాపులో. బ్రాడ్ తాళం తీయించి మొత్తం పంచిపెట్టాడు. గంట తిరిగేసరికి, వరదలో సర్వం పోగొట్టుకున్న ప్రతి మనిషీ ‘ఫ్లడ్’ చొక్కా తొడుక్కుని, ‘ఫ్లడ్‌కి భయపడు’ దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. టీవీ వాళ్ళు వచ్చింది సరిగ్గా అప్పుడే. ఆ బొమ్మ దేశమంతా చూసింది. ఎంత దేశమంటే, దేశానికి ఆ చివర బాతెల్‌లో ఉన్న నా బీటెక్ ఫ్రెండ్ ఫోన్ చేసి, “ఒరేయ్, ఆ పేరు పెట్టిన వెధవ ఎవడ్రా?” అని అడిగేంత. కనుక్కుని చెబుతానన్నాను.

డోరతీ గారు గోడవారన మంచం మీద ఉన్నారు. ఆవిడకి దొరికిన చొక్కా ఫుట్‌బాల్ ఆటగాడి సైజు, మోకాళ్ళ దాకా ఉంది. సైరన్ వినగానే ఆవిడ లేచి బ్యాగ్ సర్దుకున్నారట. పక్కింటావిడ కిటికీలోంచి “కంగారు పడకండి, గేమ్ అంతే!” అని అరిచిందట. డోరతీ గారు మళ్ళీ కూర్చున్నారు. మా కుర్రాళ్ళు వెళ్ళేసరికి మేడ మెట్ల మీద ఉన్నారు.

నేను మంచం పక్కన నేలమీద కూర్చున్నాను. “మేడమ్, ఆ పేరు పెట్టింది నేనే.”

“తెలుసు బాబూ. నేనక్కడే ఉన్నాను.”

“సైరన్ ఐడియా కూడా నాదే.”

ఈ సంగతి ఆవిడకి తెలియదు. “నీకు ఈతొచ్చా?” అన్నారు.

“రాదు మేడమ్.”

“అనుకున్నాను” అని గోడవైపు తిరిగి పడుకున్నారు. తర్వాత ఆవిడ ఆ ఇంటికి తిరిగి వెళ్ళలేదు. గోడలు నాని కూలగొట్టాల్సి వచ్చింది. ఒహాయోలో మేనకోడలి దగ్గరికి వెళ్ళిపోయారు. ఈ కథలో నవ్వు రానిచోటు ఇదొక్కటే అనుకుని దాటేద్దామని చాలాసార్లు చూశాను. దాటలేకపోయాను.

మర్నాడు ఆదివారం పక్క రాష్ట్రంలోని ప్లెయిన్స్‌బరో నుంచి మా తెలుగు చర్చివాళ్ళు వ్యాన్ల నిండా దుప్పట్లు, మంచినీళ్ళు, చికెన్ బిర్యానీ ట్రేలు వేసుకుని వచ్చారు. జిమ్ మధ్యలో అందరం గుండ్రంగా నిలబడ్డాం. పాస్టర్ గారు నా తలమీద చెయ్యి వేసి, పెద్ద గొంతుతో ప్రార్థన మొదలెట్టారు: “ప్రభువా! తెలిసీ తెలియక ఈ సహోదరుడు పిలిచినదాన్ని నీవు ఆలకించావు. ఇక మీదట ఈ సహోదరుడు ఏది పిలిచినా దయచేసి ఆలకించకుము తండ్రీ!”

మా వాళ్ళందరిలోకీ గట్టిగా “ఆమెన్” అన్నది సునీత.

నా ఉద్యోగం పోతుందని, దాంతో వీసా పోతుందని లెక్కేసుకుని పెట్టెలు సర్దుకోవడానికి సిద్ధపడ్డాను. సర్దడానికి పెట్టెలు లేవు, అవీ నదిలోనే పోయాయి. నీళ్ళు తీశాక బ్రాడ్ పిలిచాడు. గదిలోకి వెళ్తూనే క్షమాపణ మొదలెట్టాను. అతను చెయ్యి అడ్డుపెట్టాడు, పళ్ళన్నీ కనబడ్డాయి.

“రాట్, పేరు మార్చాలి. కొత్త కమిటీ వేస్తున్నాం. నువ్వుండాలి.”

“నేనా సార్?”

“నీకు అనుభవం ఉంది కదా! ఈసారి నీళ్ళ జోలికి పోవద్దు. నాకో ఐడియా వచ్చింది. ‘వైల్డ్‌ఫైర్’ ఎలా ఉంది?” అంటూ చొక్కా చెయ్యి పైకి లాగబోయాడు.

నేను కిటికీలోంచి చూశాను. ఊరి చుట్టూ కొండలు, కొండల నిండా చెట్లు. తలుపు తీసుకుని బయటికి వచ్చేశాను. వీసా సంగతి పార్కింగ్ లాట్ దాకా గుర్తు రాలేదంటే నా భయం ఎంతటిదో అర్థం చేసుకోండి.

కాబట్టి పాఠక మహాశయులారా, మీరే సాక్షులుగా ఒట్టేస్తున్నాను. ఒంట్లో ఊపిరి ఉన్నంతకాలం జట్టుకి గాని, వీధికి గాని, కుక్కకి గాని, ఇంట్లో వైఫైకి గాని పేరు పెట్టను. ఎవరైనా పెడుతుంటే దగ్గర నిలబడను. ఇప్పుడు మేముండేది శాంటా క్లారాలో, రెండో అంతస్తులో. సునీతకి మళ్ళీ నెలలు నిండాయి. పుట్టబోయే బిడ్డకి పేరు ఆవిడే ఆలోచించుకుంది. నిన్న కాఫీ తాగుతూ, “ఏం పేరనుకున్నావ్?” అని మామూలుగానే అడిగాను.

“చెబుతాను. ముందు మీరు గది బయటికెళ్ళి తలుపేసుకోండి” అంది.

వెళ్ళి, వేసుకున్నాను.